బావి ఖాతా – 3వ పాఠం: నీటిమట్టం కొలిచి జమాఖర్చు వేయడం

మొదటి పాఠంలో వాన కొలిచే డబ్బా పెట్టుకున్నాం. రెండో పాఠంలో 200 లీటర్ల డ్రమ్ము పెట్టి మోటారు గంటకు ఎంత పోస్తుందో తేల్చుకున్నాం. డ్రమ్ము 40 సెకన్లలో నిండితే గంటకు 18,000 లీటర్లు. ఈ అంకె ఇవాళ మళ్లీ కావాలి, పుస్తకం పక్కనే పెట్టుకోండి.

కావలసినవి 30 మీటర్ల ఫైబర్ టేపు, జానెడు ఇనుప గొట్టం ముక్క. నూలుతాడు వద్దు, తడిస్తే కొలత మారిపోతుంది. గొట్టానికి ఒక చివర మూయించి, మూసిన వైపు టేపుకు కట్టండి. తెరిచిన నోరు నీళ్లను తాకగానే లోపలి గాలి 'టప్' మంటుంది. చీకటి బావిలో కూడా ఆ చప్పుడుతో మట్టం తెలిసిపోతుంది. టేపు సున్నా నుంచి గొట్టం నోటి దాకా ఉన్న పొడవును కొలతకు కలపాలి. చాలామంది మరిచిపోయేది ఇదే. బావి గట్టు మీద ఎర్ర రంగుతో ఒక గుర్తు పెట్టి, ఎప్పుడూ అక్కడి నుంచే కొలవండి. తర్వాత గట్టు ఎత్తు పెంచితే, పెంచినంతా రాసుకోండి.

తెల్లారి, పగటి కరెంటు రాకముందే కొలవాలి. మోటారు ఆడుతుంటే బావి చుట్టూ నేలలోని నీరు గరాటులా లోపలికి కుంగుతుంది. అప్పుడు కొలిస్తే వచ్చేది బావిలోని మట్టం మాత్రమే, పొలం కింది మట్టం కాదు. అరగంట ఎడంతో రెండుసార్లు కొలవండి. రెండు సెంటీమీటర్లకు మించి తేడా ఉంటే బావిలోకి నీళ్లు ఊరడం ఇంకా పూర్తి కాలేదని అర్థం, మరో గంట ఆగండి.

మే నెలలో ఒకసారి, జనవరిలో ఒకసారి తప్పనిసరి. మన తిరుపతి, చిత్తూరు వైపు ఈశాన్య వానలు డిసెంబరు దాకా పడతాయి కాబట్టి నవంబరు కొలత ఒక్కటే నమ్ముకుంటే జమ సగంలోనే ఖాతా మూసినట్టవుతుంది.

ఇప్పుడు లెక్క. మన కింద ఉన్నది ఎక్కువగా గ్రానైటు జాతి రాయి. పైన గరప, దాని కింద పొడిపొడిగా విడిపోయే మెత్తటి రాయి, అడుగున బండ. ఆ మెత్తటి పొర నీళ్లతో నిండినా, నూరు లీటర్ల పరిమాణం నుంచి బయటికి వచ్చేది ఒకటిన్నర నుంచి మూడు లీటర్లే. రెండు అనుకుందాం. ఎకరా అంటే 4,047 చదరపు మీటర్లు. మట్టం ఒక మీటరు పెరిగితే ఆ ఎకరా కింద చేరింది సుమారు 81,000 లీటర్లు. మన మోటారుకు అది నాలుగున్నర గంటల పని.

వాన వైపు చూడండి. ఇలాంటి నేలల్లో పడిన వానలో నూటికి 8 నుంచి 11 వంతులే భూగర్భానికి చేరతాయి. 400 మిల్లీమీటర్ల వానకు 40 మిల్లీమీటర్లు అనుకుంటే ఎకరాకు 1.62 లక్షల లీటర్ల జమ. ఎకరా వరికి 1,200 మిల్లీమీటర్ల నీరు పెడితే ఖర్చు 48.5 లక్షలు. అంటే ముప్పై ఎకరాల వాన జమ.

ఆ ఖర్చంతా పోదు. కయ్యలో పెట్టిన నీటిలో కొంత మళ్లీ కిందికి దిగుతుంది. మట్టం 10 మీటర్ల లోపుంటే దాదాపు 45 శాతం, 25 మీటర్లు దాటితే 20 శాతం అని భూగర్భజల అంచనాల్లో వాడతారు. ఈ రెండు అంకెల దగ్గర కాసేపు ఆగండి. మట్టం పైన ఉన్నప్పుడు ముప్పై ఎకరాల భారం పదహారున్నరకు తగ్గుతుంది, అడుగుకు పోయాక ఇరవై నాలుగు ఎకరాలవుతుంది. పైగా లోతుకు పోయేకొద్దీ రాయి బిగుసుకుంటుంది, అదే నీటిని తోడినా మట్టం ఎక్కువ పడుతుంది. పడటం మొదలైన బావి ఏటా త్వరత్వరగా పడేది అందుకే. ఏటి ఇసుకలోని ఊటకాలువలు ముందే ఎండేదీ అందుకే: మట్టం ఏటి అడుగుకంటే దిగగానే అటు పారే ఊట ఆగిపోతుంది.

ఒక ఉదాహరణ కట్టి చూద్దాం. 30 ఎకరాలు, నాలుగు బావులు. తడి పెట్టేది అందులో కొద్ది భాగానికే, అదంతా వరే. జనవరిలో సగటు మట్టం గట్టు గుర్తు నుంచి 6.4 మీటర్ల లోతున ఉంది, మే నాటికి 9.9. తగ్గింది 3.5 మీటర్లు, అంటే 85 లక్షల లీటర్లు. నాలుగు మోటార్లు రోజుకు గంటన్నర చొప్పున 120 రోజులు ఆడాయి: 129.6 లక్షలు. తిరిగి దిగిన 45 శాతం తీసేస్తే 71 లక్షలు. మిగతా 14 లక్షలు ఎటు పోయాయి? ముందు వంకలో ఊట ఉందా చూడండి, తర్వాత హద్దులో కొత్త బోరు పడిందా అడగండి, చింత, కానుగ లాంటి పెద్ద చెట్లను లెక్కపెట్టండి. ఏదీ కాకపోతే మనం అనుకున్న 'రెండు' మీ నేలకు తప్పు కావచ్చు, అది ఒకటిన్నర దగ్గర ఉండొచ్చు. ఒకటిన్నరతో మళ్లీ కట్టండి, 64 లక్షలు వస్తుంది. ఇప్పుడు ఖర్చే ఎక్కువ. ఆ కొరతను చెరువు పూడ్చిందా అన్నది వచ్చే పాఠంలో, తూము కింది బావితోనూ, చెరువు నిండి నీళ్లు పొర్లే మొరవ పక్క బావితోనూ కొలిచి చూద్దాం.

అంతవరకు మీ బావితో పాటు చుట్టుపక్కల కనీసం మూడు బావులు ఒకే తెల్లవారుజామున కొలిచి పెట్టుకోండి.