గ్రనోలా ఇంట్లోనే: ఏది ముందు, ఏది తర్వాత

మా వంటగట్టు మీద కిటికీకి దూరంగా మూడు గాజు సీసాలు ఉంటాయి. ఒకదాని మీద "మామయ్య గారు" అని చీటీ అంటించి ఉంటుంది. రెండోదాని మీద మా చిన్నది రంగు పెన్సిళ్ళతో తన పేరు రాసుకుంది. మూడోది నాదీ మా వారిదీ. మూడింట్లో ఉన్నదీ గ్రనోలానే. కానీ ఒకరి సీసాలోది ఇంకొకరికి సరిపడదు. మామయ్య గారికి షుగరు, చిన్నదానికి కిస్‌మిస్ కనిపిస్తే చాలు పక్కకు ఏరిపెడుతుంది, నాకేమో కొబ్బరి లేకపోతే తిన్నట్టే ఉండదు.

మాది విజయవాడ సత్యనారాయణపురం. నేను స్కూల్లో టీచర్ని, ఉదయం ఏడుంబావుకల్లా ఇంట్లోంచి బయటపడాలి. ఇడ్లీ పిండి ఉన్న రోజు సరే, లేని రోజున చిన్నది పాలు తాగి వెళ్ళిపోయేది. అందుకే మొదట్లో గ్రనోలా ప్యాకెట్లు కొన్నాను. ఒకరోజు ప్యాకెట్ వెనక పదార్థాల వరస చదివితే ఓట్స్ తర్వాత రెండో పేరే పంచదార. ఆ వరసలో ఎక్కువ బరువున్నది ముందు రాస్తారు. అంటే విడివిడిగా ఏ పప్పు, ఏ గింజ కంటే చూసినా చక్కెరే ఎక్కువన్నమాట. ఆ ఆదివారమే ఇంట్లో చేయడం మొదలుపెట్టాను.

గ్రనోలా అంటే ఓట్స్, పప్పులు, గింజలకు కొంచెం నూనె, కొంచెం తీపి పట్టించి, తక్కువ మంట మీద నిదానంగా కరకరలాడేలా చేసుకునే తిండి. 1863లో అమెరికాలో జేమ్స్ కేలబ్ జాక్సన్ అనే డాక్టరు తన ఆరోగ్య కేంద్రంలో వాళ్ళ కోసం గోధుమపిండితో ఇలాంటిదే చేసి 'గ్రాన్యులా' అని పేరు పెట్టాడు. ఎంత గట్టిగా ఉండేదంటే రాత్రంతా పాలలో నానబెడితేగానీ నమలడం కుదిరేది కాదు. తర్వాత కెలాగ్ అనే ఇంకో డాక్టరు కూడా అలాంటిదే చేసి, పేరు దగ్గర తగాదా వచ్చి గ్రనోలా అని మార్చుకున్నాడు. ఇప్పుడు మనం తినేది దానికి చాలా దూరం వచ్చేసింది. నిజానికి మన పల్లీ ఉండకే ఇది దగ్గరి చుట్టం.

మొదటిసారి నేను అన్నీ ఒకేసారి కలిపి ఓటీజీలో, అంటే గట్టు మీద పెట్టుకునే చిన్న కరెంటు ఓవెన్‌లో, పెట్టేశాను. అరగంట తర్వాత చూస్తే కిస్‌మిస్‌లు నల్లటి పూసల్లా గట్టిపడ్డాయి, కొబ్బరి మాడింది, పల్లీలు మాత్రం ఇంకా పచ్చివాసన కొడుతున్నాయి. ఆరోజు పారబోసిన జీడిపప్పు తలచుకుంటే ఇప్పటికీ ప్రాణం ఉసూరుమంటుంది. కానీ అసలు విషయం అర్థమైంది అప్పుడే. గ్రనోలాలో ఏమి వేయాలనేది మీ ఇష్టం, ఎప్పుడు వేయాలనేది మాత్రం మీ ఇష్టం కాదు. మొదటినుంచీ వేగాల్సినవి కొన్ని, చివర పది నిమిషాలు చాలేవి కొన్ని, అసలు వేడి తగలకూడనివి కొన్ని. ఈ మూడు గుంపులూ గుర్తుంటే మీ ఇంట్లో ఉన్న దేనితోనైనా చేసుకోవచ్చు.

ఒక వాయికి నా కొలత ఇది. రోల్డ్ ఓట్స్ 300 గ్రాములు, పప్పులు 150 గ్రాములు, గింజలు 60 గ్రాములు, బెల్లం 100 గ్రాములు, నూనె నాలుగు టేబుల్ స్పూన్లు, ఉప్పు అర టీ స్పూను, యాలకుల పొడి అర టీ స్పూను. ఓట్స్ మాత్రం రోల్డ్ ఓట్సే తీసుకోండి. రెండు నిమిషాల్లో ఉడికే రకం పలచగా ఉండి సగం పొడైపోతుంది. పప్పుల్లో నేను సగం పల్లీలు, మిగతా సగం బాదం, జీడిపప్పు వేస్తాను. గింజల్లో నువ్వులు, గుమ్మడి గింజలు, అవిసె గింజలు. ఇవన్నీ వన్‌టౌన్‌లో నెలకోసారి తెచ్చుకుంటాను. నువ్వులు, పల్లీలు కొనేటప్పుడు రెండు గింజలు నోట్లో వేసుకుని చూడండి. పాతవైతే చేదు తెలిసిపోతుంది, ఆ చేదు తర్వాత ఎంత తీపి వేసినా పోదు. ఉప్పు మానేయకండి. తీపి పైకి తేలేది దానివల్లే.

నూనె అంటే నాకు పప్పు నూనె ఇష్టం. గానుగలో ఆడించిన నువ్వుల నూనెకు బెల్లం తోడైతే ఇల్లంతా చిమ్మిలి చేసినట్టు వాసన. వద్దనుకుంటే కొబ్బరి నూనె వేసుకోండి, నెయ్యి వేసుకున్నా బాగుంటుంది. నూనె మరీ తగ్గిస్తే మాత్రం ఓట్స్ కరకరలాడవు, గట్టిపడి పళ్ళకు తగులుతాయి.

ఇక బెల్లం. అసలు పని ఇక్కడే ఉంది కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. పసుపుపచ్చగా మెరిసే బెల్లం చూడ్డానికి బాగుంటుంది కానీ ఆ రంగు కోసం చాలాచోట్ల హైడ్రోస్ అనే రసాయనం వాడతారు. నేను ముదురు రంగుదే తీసుకుంటాను. 100 గ్రాముల బెల్లం చితక్కొట్టి మూడు టేబుల్ స్పూన్ల నీళ్ళు పోసి కరిగించండి. కరగ్గానే టీ వడకట్టే జల్లెడలో వడకట్టండి, అడుగున ఇసుక కనిపిస్తుంది. మళ్ళీ పొయ్యి మీద పెట్టి, నూనె, ఉప్పు వేసి, సన్నమంట మీద రెండు నిమిషాలు పొంగనివ్వండి.

ఎక్కడ ఆపాలో నాకు నేర్పింది మా అత్తయ్య గారు. పల్లీ ఉండలకు ఆవిడ పట్టే పాకం ఒక్కరోజు తప్పడం నేను చూడలేదు. నేను గ్రనోలాకు తీగపాకం పడుతుంటే పక్కన నిలబడి, "అమ్మాయ్, ఇది ఉండలు చుట్టేదానికి కాదు కదా, ఓట్స్‌కు పట్టించేదానికి. తీగ వచ్చిందంటే ఓట్స్ మీద పడగానే బిగిసిపోతుంది, ఇక పాకదు" అన్నారు. ఎంత నిజమో. చల్లటి పళ్ళెం మీద ఒక చుక్క వేసి, చల్లారాక రెండు వేళ్ళ మధ్య తాకండి. జిగురుగా ఉండాలి, తీగ సాగకూడదు. అక్కడ ఆపేయాలి. యాలకుల పొడి దించాక వేయండి.

ఓట్స్, పచ్చి పల్లీలు, బాదం, గింజలు పెద్ద బేసిన్‌లో పొడిగా కలిపి ఉంచుకుంటే పాకం వేడిగా ఉండగానే పోసేయొచ్చు. గరిటెతో అడుగు నుంచి పైకి తిప్పుతూ ప్రతి ఓట్స్ రేకకూ తడి తగిలేదాకా కలపండి. పొడి తెలుపు ఎక్కడా కనిపించకూడదు. ట్రేలో బేకింగ్ పేపర్ వేసి అర అంగుళం మందంలో పరిచి, గరిటె వెనక వైపుతో గట్టిగా అదమండి. తర్వాత ముద్దలు ముద్దలుగా విరగాలంటే ఈ అదమడం ముఖ్యం. పొడిపొడిగా కావాలంటే వదులుగా వదిలేయండి.

ఓటీజీని పైరాడ్, కిందిరాడ్ రెండూ పెట్టి 150 డిగ్రీల దగ్గర పది నిమిషాలు ముందే వేడి చేయండి. ట్రే మధ్య అరలో పెట్టి 15 నిమిషాలు. బయటికి తీసి అంచులవి మధ్యకు, మధ్యవి అంచులకు ఒక్కసారి మెల్లగా జరిపి, మళ్ళీ అదిమి, ట్రేని ముందువైపు వెనక్కి తిప్పి పెట్టండి. నా ఓటీజీలో వెనక వైపు ఎప్పుడూ ఎక్కువ కాలుతుంది, చాలావాటిలో అంతే. ఇంకో 12 నుంచి 15 నిమిషాలు పడుతుంది. తొందరపడి 180 పెడితే నువ్వులు మాడతాయి, లోపల ఓట్స్ మెత్తగానే ఉంటాయి.

చివరి పది నిమిషాల్లో వేసేవి ఈ మధ్యలో వస్తాయి. ఎండుకొబ్బరి కోరు, జీడిపప్పు పలుకులు, ముందే వేయించిన పల్లీలు ఈ గుంపు. పుట్నాలపప్పు, మరమరాలు ఇంకా ఆలస్యంగా, దించే ముందు అయిదు నిమిషాలు చాలు. జొన్న అటుకులు, సజ్జ అటుకులు వాడాలనుకుంటే ఓట్స్‌లో మూడో వంతు తీసేసి ఇవి వేయండి. కానీ ఇవి పలచనివి, త్వరగా వేగిపోతాయి కాబట్టి సగం సమయం అయ్యాక కలపండి.

వేయించిన సేమ్యా రంగు వచ్చిందంటే అయిపోయినట్టే. అప్పుడు పట్టుకుని చూస్తే మెత్తగా ఉంటుంది. ఇక్కడే అందరూ కంగారుపడి ఇంకో పది నిమిషాలు పెడతారు, మాడుతుంది. వేడి మీద బెల్లం మెత్తగానే ఉంటుంది, చల్లారితేనే బిగుస్తుంది. ట్రేని కదపకుండా గంటసేపు వదిలేయండి. ఆ గంటలో మా చిన్నది నాలుగుసార్లు వచ్చి చెయ్యి పెట్టబోతుంది, నేను చేతిమీద ఒకటి వేస్తాను. ఎందుకంటే ఆ గంటలో కదిపితే ముద్దలు కట్టవు.

పూర్తిగా చల్లారాకే మూడో గుంపు. కిస్‌మిస్, ఖర్జూరం ముక్కలు, ఎండు అంజీర. వీటికంటే నాకు ప్రాణం మామిడితాండ్ర. ఆత్రేయపురం నుంచి వచ్చే తాండ్రని కత్తెరతో చిన్న ముక్కలు చేసి, అంటుకోకుండా కాస్త ఓట్స్ పొడిలో దొర్లించి కలిపితే, ఆ పులుపు తీపి బెల్లం మధ్యలో తగిలినప్పుడు ఏ విదేశీ ఎండుపండూ దానికి సాటిరాదు. తాండ్ర తడిది కాబట్టి దాన్ని వేరే చిన్న డబ్బాలో ఉంచి, తినేటప్పుడే కలుపుకోవడం మంచిది.

మామయ్య గారి వాయి వేరేగా చేస్తాను. బెల్లమైనా తేనె అయినా రక్తంలో షుగరు పెంచేవే. "బెల్లమే కదా" అనుకుని ఎక్కువ తినే పెద్దవాళ్ళను నేను చాలామందిని చూశాను, అందుకే ఈ మాట గట్టిగా చెప్తున్నాను. ఆయన వాయికి 30 గ్రాముల బెల్లమే వేసి, ఓట్స్ 50 గ్రాములు తగ్గించి ఆ మేరకు పల్లీలు, గుమ్మడి గింజలు పెంచుతాను. ఎండు పండ్లు వేయను, వాసనకు దాల్చినచెక్క పొడి. తీపి తగ్గితే ముద్ద కట్టదు. దానికి గుడ్డు తెల్లసొన బాగా పనిచేస్తుంది, కానీ మా ఇంట్లో గుడ్డు వండం. ఒక టేబుల్ స్పూను అవిసె పొడిని మూడు టేబుల్ స్పూన్ల నీళ్ళలో పది నిమిషాలు నానబెడితే బంకగా అవుతుంది, అది కలుపుతాను. ఎంత తినాలో డాక్టరు గారిని అడిగే పెట్టుకున్నాం. కప్పు పెరుగులో మూడు టేబుల్ స్పూన్లు, అంతే. మామూలు వాళ్ళకైనా గుప్పెడు చాలు, గ్రనోలా వంద గ్రాములకు 450 కేలరీల పైనే ఉంటుంది. ఏడాది లోపు పిల్లలకు తేనె కలిపింది పెట్టకూడదు. అయిదేళ్ళ లోపు పిల్లలకు పప్పులు గొంతుకు అడ్డం పడతాయి, పొడి చేసి పెట్టండి.

గుంటూరు అరండల్‌పేటలో ఉండే మా అక్క తీపి తినదు. తన కోసం కారం గ్రనోలా చేయడం మొదలుపెట్టాను, ఇప్పుడు మా ఇంట్లో సాయంత్రాలు దానిదే రాజ్యం. ఓట్స్, పల్లీలు, నువ్వులు అదే కొలత. బెల్లం ఒక్క టేబుల్ స్పూనే. నాలుగు టేబుల్ స్పూన్ల నూనె వేడిచేసి చితక్కొట్టిన వెల్లుల్లి, రెండు రెమ్మల కరివేపాకు, పసుపు వేసి, అందులోనే ఆ బెల్లం కరగనిచ్చి, ముప్పావు టీ స్పూను ఉప్పుతో ఓట్స్‌కు పట్టిస్తాను. గుంటూరు కారం ఒక టీ స్పూను మాత్రం చివరి అయిదు నిమిషాల్లో, పుట్నాలపప్పుతో కలిపి చల్లాలి. ముందే వేస్తే కారం రంగు మారి చేదెక్కుతుంది. పెరుగులో వేసుకుని పైన సన్నగా తరిగిన ఉల్లిపాయ చల్లుకుంటే, అక్క మాటల్లో, అన్నం కూడా అక్కర్లేదు.

ఓటీజీ లేకపోతే మందపాటి ఇనుప బాండీ చాలు. సన్నమంట మీద పల్లీలు వేయించి తీసేయండి. తర్వాత ఓట్స్ పది పన్నెండు నిమిషాలు, చెయ్యి ఆపకుండా. నువ్వులు చిటపటమనేదాకా. అన్నీ మళ్ళీ బాండీలో వేసి పాకం పోసి, ఇంకో అయిదారు నిమిషాలు తిప్పి పళ్ళెంలో పరిచి అదమండి. ముద్దలు కొంచెం తక్కువ కడతాయి, రుచికి లోటుండదు.

వేసవిలో మన బెజవాడ ఎండకు మధ్యాహ్నం ఓవెన్ పెట్టడం మనవల్ల కాదు. నేను తెల్లవారుజామున అయిదింటికి చేసేస్తాను. ఆ నెలల్లో సీసా ఫ్రిజ్‌లో పెట్టాలి, లేకపోతే పప్పులకు పాత నూనె వాసన వస్తుంది. కానీ అసలు చిక్కు వానాకాలంతో. గాలిలో తేమకు ట్రే చల్లారేలోపే గ్రనోలా మెత్తబడుతుంది. అప్పుడు ఫ్యాన్ కింద పెట్టకుండా, ఓటీజీ కట్టేసి, తలుపు కొంచెం తెరిచి లోపలే చల్లారనివ్వండి. గోరువెచ్చగా ఉండగా సీసాలో పోసి మూత పెట్టకండి, మూతకు పట్టిన ఆవిరి మొత్తం పాడుచేస్తుంది. తడి చెంచా అసలు పెట్టకండి. ఇంత చేసినా మెత్తబడితే, పండ్ల ముక్కలు ఏరేసి 120 డిగ్రీల దగ్గర ఎనిమిది నిమిషాలు వేడిచేసి మళ్ళీ చల్లార్చండి, కరకర తిరిగి వస్తుంది. బయట ఉంచితే మూడు వారాల్లో తినేయండి. మా ఇంట్లో చిన్నదాని సీసా పది రోజులు కూడా ఉండదు.