కందిరీగ ముక్కు – 4వ పాఠం: నాలుగు గింజల ద్వారం

పోయిన పాఠంలో వాసన అణువును కందిరీగ మీసం మీది సన్నటి రంధ్రం దాటించి, లోపలి ద్రవంలో మోసే ప్రోటీన్‌కు అప్పగించి ఆపాం. ఇప్పుడది నాడీకణం పొర దగ్గరికొచ్చింది. అక్కడ జరిగేది ఏమీ చూడకుండా గీసి చెప్పగలగడమే ఈవేళ్టి పని.

మూడు చింతగింజలు, ఒక చిక్కుడు గింజ తెచ్చుకోండి. తెల్లకాగితం మీద నాలుగింటినీ గుండ్రంగా పేర్చి, మధ్యలో పెసరగింజ పట్టేంత ఖాళీ వదలండి. కాగితం కణం పొర. చిక్కుడు గింజ వాసనను పట్టే గ్రాహకం. చింతగింజలు దాని తోడు ప్రోటీన్, పేరు ఆర్కో. ఒకటికి మూడు అన్న ఈ లెక్క 2024లో దోమల గ్రాహకాల్లో కనబడింది. మనమూ దాన్నే నమూనాగా పెట్టుకుందాం.

వాసన అణువు చిక్కుడు గింజలోని గుంటలో కూర్చోగానే మధ్య ఖాళీ తెరుచుకుంటుంది. సోడియం, కాల్షియం అయాన్లు (విద్యుదావేశం ఉన్న పరమాణువులు) లోపలికి దూకుతాయి, నాడి మేల్కొంటుంది. చాలామంది ఇక్కడే తడబడతారు. మన ముక్కులో గ్రాహకం వేరు, ద్వారం వేరు. మధ్యలో కబురు మోసే ప్రోటీన్లుంటాయి. కీటకంలో గ్రాహకమే ద్వారంలో ఒక గోడ. ఈ తేడా మనసుకెక్కేదాకా ముందుకు వెళ్లకండి.

ఇప్పుడు చిక్కుడు గింజ తీసి నాలుగో చింతగింజ పెట్టండి. ఆర్కో ఒక్కటే నాలుగు కలిసి కూడా ద్వారం కట్టగలదు. 2018లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయం వాళ్లు క్రయో-ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో (ప్రోటీన్‌ను గడ్డకట్టించి ఎలక్ట్రాన్లతో చూసే పరికరం) చూసింది సరిగ్గా ఈ అమరికనే. ఆ ఆర్కో అపోక్రిప్టా బేకరీ అనే పరాన్న కందిరీగది. బొమ్మమేడి కాయకు బయటినుంచే పొడవాటి సూది దించి గుడ్లు పెడుతుందది. మేడిపండు పొట్టలో పురుగులుంటాయని చిన్నప్పట్నుంచీ వింటున్నాం కదా, ఆ పురుగుల మీద పడి బతికే పురుగు ఇది! ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది.

ఈగల ప్యూపాల్లో (పురుగు ఈగగా మారే గూటి దశ) గుడ్లు పెట్టే నాసోనియా కందిరీగకు పనిచేసే గ్రాహక జన్యువులు సుమారు 225. పండ్ల ఈగకు 60 చిల్లరే. అన్ని రకాల చిక్కుడు గింజలకూ చింతగింజ మాత్రం ఒకటే రకం. అందుకే 2004లో పండ్ల ఈగలో ఆర్కో జన్యువును చెడగొడితే ఏదో ఒక వాసన కాదు, చాలా వాసనలు ఒక్కసారే పోయాయి.

అభ్యాసం: గింజలు తీసేసి రెండు బొమ్మలు గీయండి, ద్వారం మూసి ఒకటి, తెరిచి ఒకటి. అయాన్లు వెళ్లే దిక్కుకు బాణం గుర్తు పెట్టండి. కాగితం దాచుకోండి, వచ్చే పాఠంలో ఆ బాణం దగ్గర్నుంచే మెదడుకు దారి గీస్తాం.