పాత ఇల్లు కూల్చినప్పుడు వచ్చే పెళ్లలు, రాళ్లు వృథా కాకుండా ఎలా వేరు చేయాలి?

నల్లగొండలోనైనా మహబూబ్‌నగర్‌లోనైనా పాత ఇల్లు కూల్చారంటే ఆ సరుకంతా చెరువు శిఖంలోకో నాలా పక్కకో చేరుతోంది. అందులో ఎక్కువ భాగం మళ్లీ పనికొచ్చేదే. దాన్ని చెత్తగా మార్చేది జేసీబీ పని మొదలైన మొదటి గంట.

ముందు లెక్క వేసుకోండి. పదడుగుల పొడవు, పదడుగుల ఎత్తు ఉన్న 9 అంగుళాల ఇటుక గోడ 75 ఘనపుటడుగులు. కూలాక ఉబ్బి 110 దాకా అవుతుంది, బరువు దాదాపు 4 టన్నులు. వెయ్యి చదరపుటడుగుల 4 అంగుళాల స్లాబు ఒక్కటే 23 టన్నులు తూగుతుంది. ట్రాక్టర్లు మాట్లాడుకునేది ఈ లెక్కతోనే, కంటి అంచనాతో కాదు.

కరెంటు మీటరు తీయించండి, నల్లా బంద్ చేయించండి, రోడ్డు వైపు పరదా కట్టండి. కూలీలకు హెల్మెట్లు, గ్లౌజులు ఇవ్వండి. నీళ్ల పైపు అందుబాటులో ఉంచుకోండి. దర్వాజలు, కిటికీలు, టేకు దూలాలు, పెంకులు చేత్తోనే దించాలి. షాబాదు బండలను అంచు నుంచి గడ్డపారతో లేపితే చాలావరకు విరగవు.

అసలు కష్టం ఇక్కడి నుంచి. ఒక్క రోజులో అయిపోతుందని గోడలను జేసీబీ బకెట్‌తో తోసి, వాటి మీదే స్లాబు పడేయిస్తారు. కాంక్రీటు, మట్టి, పీవోపీ (ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్), వైర్లు, సలాకలు అన్నీ ఒకే కుప్ప. ఆ కుప్పను తర్వాత ఏరించే కూలి కంటే ముందే వేరు చేయించే కూలి తక్కువ. కూల్చివేత వ్యర్థాలపై 2016లో వచ్చిన కేంద్ర నిబంధనలు కూడా కాంక్రీటు, మట్టి, ఇటుక–గిలాబు, ఇనుము–కలప–ప్లాస్టిక్ విడివిడిగా ఉంచమన్నాయి. వరుస ఇలా ఉండాలి.

మొదట ఫాల్స్ సీలింగ్ పీవోపీ తీసేయాలి. అది జిప్సం. కాంక్రీటు ముక్కల్లో కలిస్తే, ఆ ముక్కలను కంకరగా వాడిన చోట సిమెంటును లోపలి నుంచి ఉబ్బించి పగులుస్తుంది. తర్వాత వైర్లు, పైపులు. ఆ తర్వాతే కాంక్రీటు పగలగొట్టే బ్రేకర్ యంత్రంతో స్లాబు. సలాకలు కోసి, కాంక్రీటు పెళ్లలు పూర్తిగా ఎత్తేదాకా గోడను ముట్టుకోవద్దు. మట్టితో కట్టిన రాతి గోడలైతే రాయి ఒకవైపు, మట్టి ఒకవైపు. కాంక్రీటు ముక్కలకు మట్టి అంటితే సిమెంటు వాటిని పట్టుకోదు.

సిమెంటు రేకులుంటే ఇంకా జాగ్రత్త. పాత రేకుల్లో ఆస్‌బెస్టాస్ అనే నార లాంటి ఖనిజం ఉంటుంది. ఆ ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే జబ్బు బయటపడేసరికి దశాబ్దాలు పడుతుంది. సుత్తెతో కొట్టొద్దు, కోయొద్దు, పైనుంచి విసరొద్దు. నీళ్లతో తడిపి, బోల్టులు విప్పి, రేకును రేకులాగే దించి, మందపు పాలిథిన్‌లో చుట్టి వేరుగా ఉంచండి. విరిగిన ముక్కలను కూడా బేస్‌మెంటులో వేయొద్దు.

ఇక వాడకం. ఇటుక, కాంక్రీటు ముక్కలను పిడికిలి సైజుకు కొట్టించి బేస్‌మెంటు నింపొచ్చు. 6 అంగుళాల పొర వేయడం, నీళ్లు చల్లడం, దిమ్మిసతో గట్టిగా కొట్టడం, అప్పుడు ఇంకో పొర. అంతా ఒకేసారి పోస్తే లోపల సందులు మిగిలి, కొన్నాళ్లకు ఫ్లోరింగు కుంగుతుంది. కలప ముక్క మిగిలితే చెదలు. పునాది తవ్వినప్పుడు వచ్చిన రేగడి కలిస్తే తడికి ఉబ్బి ఫ్లోరింగును లేపుతుంది. పైన 6 అంగుళాలు మొరమే వేయాలి. పెళ్లలతో పునాది గుంతలు నింపి వాటి మీద పిల్లర్లు లేపడం మాత్రం ఎవరు చెప్పినా చేయకండి.

కంకర, ఇసుకలకు ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 383:2016 ప్రకారం ఎం25 గ్రేడు (కాంక్రీటు బలాన్ని చెప్పే కొలత) వరకు రీఇన్‌ఫోర్స్‌డ్ కాంక్రీటులో, అంటే సలాకలు వేసిన కాంక్రీటులో, కంకరలో 20 శాతం దాకా రీసైకిల్ కంకర వాడొచ్చు. అది ప్లాంటులో కడిగి, జల్లించి, పరీక్షించిన కంకరకు వర్తించే మాట. సైటులో సుత్తెతో కొట్టించింది స్లాబులో వేయొద్దు, కాంపౌండు లోపలి బాటల కింద వేసుకోండి.

మిగిలినదాన్ని ఎక్కడ పోయాలో ట్రాక్టరు ఎక్కించకముందే మున్సిపాలిటీలో అడిగి తెలుసుకోండి. కిరాయి మాట్లాడేటప్పుడే ఆ చోటు పేరు డ్రైవరుకు చెప్పండి, పోసినట్టు ఫోటో పంపాకే డబ్బులివ్వండి. ట్రాలీ అంచు దాటి నింపనివ్వకండి. తడిపి, పైన తాడిపత్రి కప్పించి పంపండి.