స్మార్ట్ ఇల్లు నేర్చుకుందాం – 3వ పాఠం: ముందు రూటర్, తర్వాతే ప్లగ్

మా అక్క వాళ్ల ఫ్లాట్ మన విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో, రెండో అంతస్తు. గీజరుకి పెట్టిన, ఫోన్‌తో నడిపే స్మార్ట్ ప్లగ్ పొద్దున్నంతా బాగానే పనిచేసేది. సాయంత్రం ఏడయ్యేసరికి యాప్‌లో ‘ఆఫ్‌లైన్’ అని చూపించేది. రాత్రి పదకొండు దాటాక దానంతట అదే మళ్లీ వచ్చేది. "ఒరే, ఇది పాడైపోయిందిరా, వెనక్కిచ్చేద్దాం" అంది అక్క. బావగారు అప్పటికే ఇంకోటి తెచ్చేశారు. అదీ అంతే.

రెండు ప్లగ్గుల్లోనూ ఏ లోపమూ లేదు. లోపం వైఫైలో ఉంది. స్మార్ట్ ఇంటి గురించి నన్నడిగే వాళ్లలో చాలామంది సరిగ్గా ఇక్కడే డబ్బు పోగొట్టుకుంటున్నారు. పరికరాలు మార్చుకుంటూ పోతారు, రూటర్ వైపు చూడరు. మొదటి పాఠంలో పరికరాల జాబితా రాసుకున్నారు. రెండో పాఠంలో ఇంటి పటం గీసి, ఏ స్విచ్‌బోర్డులో న్యూట్రల్ వైరు ఉందో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకున్నారు. ఈ పాఠం అయ్యేదాకా మాత్రం కొత్తగా ఏమీ కొనకండి. అక్క వాళ్ల ప్లగ్ ఎందుకలా చేసిందో వెతుక్కుంటూ వెళదాం, నేర్చుకోవాల్సినవన్నీ దారిలోనే వస్తాయి.

ఫోన్ పట్టుకుని ఇల్లంతా నడవండి

ఆండ్రాయిడ్ ఫోన్‌లో వైఫై సిగ్నల్ కొలిచే ఉచిత యాప్ ఒకటి వేసుకోండి. ‘వైఫై ఎనలైజర్’ అని వెతికితే చాలా దొరుకుతాయి. అందులో మీ వైఫై పేరు పక్కన మైనస్ గుర్తుతో ఒక అంకె కనిపిస్తుంది, దాని కొలత డీబీఎం. ఫోన్‌లో కనిపించే గీతల్ని నమ్మకండి, ఈ అంకెనే చూడండి. మైనస్ కాబట్టి అంకె పెరిగే కొద్దీ సిగ్నల్ తగ్గుతున్నట్టు. మైనస్ 50 చాలా బాగున్నట్టు. మైనస్ 67 దాకా ఏ పరికరానికైనా ఇబ్బంది ఉండదు. 75 దాటితే ఎప్పుడు తెగుతుందో చెప్పలేం. ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి: అంకెలో పది తేడా వచ్చిందంటే సిగ్నల్ బలం పదో వంతుకి పడిపోయిందని. 60కీ 70కీ మధ్య తేడా కొంచెమే అనిపిస్తుంది గానీ నిజానికి పది రెట్లు.

మీరు గీసుకున్న పటంలో పరికరం రాబోయే ప్రతి చోటా నిలబడి, పది సెకన్లు ఆగి, అంకె రాసుకోండి. తలుపులు మామూలుగా ఎలా ఉంటాయో అలాగే ఉంచండి. బాత్రూమ్ తలుపు రోజూ మూసే ఉంచుతారనుకోండి, కొలిచేటప్పుడూ మూసే ఉండాలి.

అక్క వాళ్లింట్లో నేను రాసుకున్నవి ఇవి. హాల్లో టీవీ దగ్గర మైనస్ 38. వంటింట్లో 55. నడవలో 68. వెనక బెడ్‌రూమ్‌లో, బాత్రూమ్ తలుపు పక్కన గీజరు బోర్డు దగ్గర 79. నడవ నుంచి బోర్డు దాకా నాలుగు అడుగులు కూడా లేదు, అంత దూరానికే ఇంత పడిపోకూడదు. గదిలోకి వెళ్లి చూస్తే కారణం ఎదురుగానే నిలబడి ఉంది. గోడకి ఆనించిన స్టీల్ బీరువా. రూటర్ నుంచి వచ్చే తరంగం కాంక్రీటు గోడ దాటుకుని, సరిగ్గా ఆ ఇనుప రేకుకి కొట్టుకుంటోంది. లోహం వైఫైని వెనక్కి తిప్పికొడుతుంది, నీళ్లు పీల్చేసుకుంటాయి. అందుకే బీరువా, ఫ్రిజ్, అద్దం, చేపల తొట్టె, నీళ్ల డ్రమ్ము... వీటికీ రూటర్‌కీ సాధ్యమైనంత దూరం ఉండాలి.

రూటర్ టీవీ వెనకే ఎందుకుంది? కనెక్షన్ ఇచ్చిన రోజున ఆ అబ్బాయికి బాల్కనీ నుంచి దగ్గరి సాకెట్ అదే కాబట్టి. మన ఊళ్లో చాలా ఇళ్లలో ఇదే వరస. టీవీ జరిపి చూస్తే, చుట్టగా చుట్టి టేపు వేసిన ఫైబర్ ఇంకా ఏడెనిమిది మీటర్లుంది. దాన్ని మనమే లాగేయకూడదు. ఫైబర్ లోపల వెలుగు ప్రయాణిస్తుంది, గట్టిగా మడత పడితే ఆ వెలుగు మధ్యలోనే బయటికి పోతుంది, డబ్బా మీద ఎల్‌ఓఎస్ అనే ఎర్ర లైటు వెలుగుతుంది. కనెక్షన్ వాళ్లకి ఫోన్ చేస్తే మర్నాడు ఒకతను వచ్చి, గోడ మూలన క్లిప్పులు కొడుతూ నడవలోకి తెచ్చాడు. రూటర్ని తలుపు చట్రం కంటే కాస్త పైన, గోడకి బిగించాం. గీజరు బోర్డు దగ్గర ఇప్పుడు మైనస్ 61. 79 నుంచి 61 అంటే బలం అరవై రెట్లు పెరిగినట్టు. దీనికి కొత్త పరికరం ఒక్కటీ కొనలేదు.

ఇల్లు పెద్దదైతే, లేదా మధురవాడ వైపు కట్టుకుంటున్నట్టు కింద ఒక అంతస్తు, పైన ఒక అంతస్తు ఉన్న ఇల్లయితే ఒక్క రూటర్ చాలదు. అప్పుడు మొదటి రూటర్ నుంచి క్యాట్-6 అనే నెట్‌వర్క్ కేబుల్ లాగి పైన ఇంకో రూటర్ పెట్టాలి. దాన్ని ‘యాక్సెస్ పాయింట్’ మోడ్‌లో మాత్రమే పెట్టండి. అలా పెట్టకపోతే పై అంతస్తు పరికరాలు ఒక నెట్‌వర్క్‌లో, కింది అంతస్తువి ఇంకో నెట్‌వర్క్‌లో ఉండిపోయి ఒకదానికొకటి కనిపించవు. సాకెట్‌కి గుచ్చేసే రిపీటర్లు నేను ఎవరికీ చెప్పను. అందిన సిగ్నల్నే మళ్లీ గాల్లో పంపుతాయి కాబట్టి వాటిలో చాలావరకు వేగాన్ని సగానికి తెస్తాయి.

ఏడింటికే ఎందుకు?

సిగ్నల్ బలహీనంగా ఉందని తెలిసింది. మరి పొద్దున్న పనిచేసి సాయంత్రమే ఎందుకు ఆగింది? అదే యాప్‌లో చుట్టుపక్కల వైఫైలన్నీ గ్రాఫ్‌లా చూపించే పేజీ ఉంటుంది. సాయంత్రం ఏడింటికి అది తెరిచి చూస్తే అక్క వాళ్లింట్లో పద్దెనిమిది పేర్లు కనిపించాయి. పై వాళ్లవి, కింది వాళ్లవి, ఎదురు అపార్ట్‌మెంట్‌వి. ఆఫీసుల నుంచి, కోచింగుల నుంచి అందరూ ఇంటికి చేరే వేళ, ప్రతి ఇంట్లో టీవీలూ ఫోన్లూ ఒకేసారి నెట్ వాడే వేళ.

స్మార్ట్ ప్లగ్గులు, బల్బులు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైలోనే పనిచేస్తాయి. ఇది గోడలు దాటడంలో, వైఫైలోనే ఇంకో రకమైన 5 గిగాహెర్ట్జ్ కంటే మెరుగు, కానీ చోటు ఇరుకు. అందులో 13 చానళ్లున్నాయి. ఒక చానల్‌కీ పక్క చానల్‌కీ దూరం 5 మెగాహెర్ట్జ్, వైఫై ఆక్రమించే వెడల్పేమో 20. ఒక వీధిలో ఐదేసి అడుగులకో వాకిలి ఉండి, ప్రతి వాకిట్లోనూ ఇరవై అడుగుల ముగ్గు వేస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఒకదాని మీద ఒకటి పడకుండా, మధ్యలో కాస్త చోటు కూడా వదిలి ముగ్గు వెయ్యాలంటే 1, 6, 11 వాకిళ్లే దిక్కు. మీ రూటర్‌కీ ఈ మూడిట్లో ఒకటే ఎంచుకోండి.

‘అన్నీ నిండిపోయాయి కదా, ఖాళీగా కనిపిస్తున్న 3లో పెడదాం’ అని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. ఒకే చానల్‌లో ఉన్న రూటర్లు ఒకదాని మాట ఒకటి విని, వంతులవారీగా మాట్లాడుకుంటాయి. 3లో పెడితే 1లో వాళ్లకీ 6లో వాళ్లకీ కూడా మీది అర్థం కాని గోల, మీకు వాళ్లది గోల. మూడిట్లో రద్దీ తక్కువున్నది చూసి అక్కడ పెట్టడమే మంచిది. అక్క వాళ్లకి 11 దొరికింది. రూటర్‌లో చానల్ మార్చే చోటే ‘చానల్ వెడల్పు’ అని ఉంటుంది, 2.4కి దాన్ని 20కి తగ్గించండి.

ఈ మార్పులు చేసేది రూటర్ పేజీలో. రూటర్ వెనక స్టిక్కర్ మీద 192.168తో మొదలయ్యే అడ్రసు, లోపలికి వెళ్లే పాస్‌వర్డూ ఉంటాయి. ఆ అడ్రసు ఫోన్ బ్రౌజర్‌లో కొడితే పేజీ తెరుచుకుంటుంది. అక్కడికి వెళ్లారు కాబట్టి మొట్టమొదట ఆ పేజీ పాస్‌వర్డ్ మార్చేయండి. వైఫై పాస్‌వర్డ్ వేరు, ఇది వేరు. 2016లో మిరాయ్ అనే ప్రోగ్రామ్ ప్రపంచమంతా తిరిగి, కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్ మార్చకుండా వదిలేసిన కెమెరాలనూ రూటర్లనూ లక్షల్లో లొంగదీసుకుంది. దాని దగ్గర ఉన్నది అరవైకి పైగా పాస్‌వర్డ్‌ల చిట్టా, అంతే. అలా లొంగిన పరికరాలతోనే ఆ ఏడాది అక్టోబర్ 21న అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లను గంటల తరబడి ఆపేసింది. ఇళ్లలోని మామూలు కెమెరాలే దానికి సైన్యం అయ్యాయి. దయచేసి ఈ ఒక్క పని రేపటికి వాయిదా వేయకండి.

ప్లగ్‌ని కలుపుదాం

ముందు ఒక జాగ్రత్త. గీజరుకి 16 ఆంపియర్ల ప్లగ్ మాత్రమే వాడండి. 2000 వాట్ల గీజరు 230 వోల్టుల దగ్గర దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది, 3000 వాట్లదైతే 13. పది ఆంపియర్ల ప్లగ్ పెడితే రోజూ వేడెక్కుతూ వేడెక్కుతూ ఒకరోజు కరిగిపోవచ్చు.

రూటర్‌లో 2.4కీ 5కీ ఒకే పేరుంటే, పరికరాన్ని కలిపే పది నిమిషాలైనా 5ని ఆపండి. ఫోన్ 5లో ఉండి, ప్లగ్ 2.4లో వెతుక్కుంటూ ఉంటే చాలా యాప్‌లు ‘పరికరం దొరకలేదు’ అంటాయి. ఫోన్‌లో బ్లూటూత్, లొకేషన్ ఆన్ చేయండి. లొకేషన్ ఎందుకని సందేహం వస్తుంది. చుట్టుపక్కల వైఫై పేర్లు చదవాలంటే ఆండ్రాయిడ్ ఆ అనుమతి అడుగుతుంది. పని అయ్యాక తీసేయవచ్చు.

మొదటిసారి ప్లగ్‌ని గీజరు బోర్డు దగ్గర కాకుండా రూటర్ ఉన్న గదిలోనే సాకెట్‌లో పెట్టండి. పక్కనున్న బొత్తాన్ని ఐదారు సెకన్లు నొక్కి పట్టుకోండి. లోపల ‘టిక్’ మని రిలే చప్పుడు వస్తుంది, చిన్న లైటు గబగబా కొట్టుకుంటుంది. యాప్‌లో వైఫై పాస్‌వర్డ్ ఇచ్చాక ఆ కొట్టుకోవడం నెమ్మదిస్తుంది, తర్వాత నిలిచి వెలుగుతుంది. అప్పుడు తీసి గీజరు దగ్గర పెట్టండి, అదే వచ్చి కలుస్తుంది. కలవకపోతే రూటర్‌లో సెక్యూరిటీ ఏముందో చూడండి. డబ్ల్యూపీఏ3 ఒక్కటే పెట్టి ఉంటే పాత పరికరాలు లోపలికి రాలేవు. డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 కలిసి ఉన్న రకం ఎంచుకోండి.

పేరు విషయంలో నా మాట వినండి. ‘స్మార్ట్ ప్లగ్ 1’ అని వదిలేయకండి. ‘వెనక గీజరు’ అని పెట్టండి. అక్క వాళ్ల అత్తగారికి డెబ్బై నాలుగేళ్లు, ఆవిడ యాప్ తెరిస్తే ఏది ఏంటో ఎవర్నీ అడక్కుండా తెలియాలి. వైఫై పేరు కూడా ఒకసారి పెట్టాక మార్చకండి. రేపు రూటర్ మార్చినా పేరూ పాస్‌వర్డూ పాతవే ఇస్తే ఇంట్లోని పరికరాలన్నీ వాటంతటవే కలిసిపోతాయి. మారిస్తే ఒక్కోదాని దగ్గరికీ స్టూలేసుకుని వెళ్లాలి.

ప్రతి పరికరానికీ రూటర్ ఒక అడ్రసు ఇస్తుంది, అది అద్దె ఇల్లు లాంటిది, గడువు అయ్యాక మారవచ్చు. ప్లగ్‌కి మారినా పర్వాలేదు. కెమెరాకీ, ప్రింటర్‌కీ మాత్రం రూటర్ పేజీలో ‘అడ్రస్ రిజర్వేషన్’ దగ్గరికి వెళ్లి ఒకే అడ్రసు ఖాయం చేయండి.

కరెంటు పోయినప్పుడు

ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా, కరెంటు పోయి అది అందుకునే క్షణంలో రూటర్ చాలాసార్లు ఆగి మళ్లీ మొదలవుతుంది. నెట్ రావడానికి రెండు మూడు నిమిషాలు. రూటర్‌కి విడిగా చిన్న డీసీ యూపీఎస్ పెడితే ఆ బాధ లేదు. రూటర్ అడాప్టర్ మీద ఎన్ని వోల్టులుందో యూపీఎస్‌దీ సరిగ్గా అంతే ఉండాలి. ఆంపియర్లు అంతకంటే ఎక్కువున్నా ఫర్వాలేదు, తక్కువ ఉండకూడదు.

దీన్ని మించినది ఇంకొకటుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను మన ఊరి మీదే తీరం దాటింది. ఆ తర్వాత కరెంటూ, ఫోన్ సిగ్నలూ లేకుండా రోజులు గడిపాం. మెల్లగా కరెంటు వచ్చినా నెట్ రాలేదు. ఆనాడు ఇంట్లో లైట్లన్నీ యాప్ మీదే ఆధారపడి ఉండుంటే ఏం చేసేవాళ్లం? అందుకే నేను పెట్టే ఏ ఇంట్లోనైనా ఒకటి పట్టుబడతాను. నెట్ లేకపోయినా గోడ మీద స్విచ్ నొక్కితే లైటు వెలగాలి, ఫ్యాను తిరగాలి. మీరు కొనబోయే ప్రతి పరికరాన్నీ ఇదే అడగండి. ప్లగ్‌కి చేత్తో నొక్కే బొత్తాం ఉందా? రూటర్ ఆపేసి దాన్ని నొక్కి చూడండి. పనిచేయకపోతే అది మన ఊరికి పనికొచ్చే పరికరం కాదు.

బాల్కనీ కెమెరా గురించి చాలామంది అడిగారు. అది ఐదో పాఠంలో. ఈలోగా సముద్రానికి దగ్గరగా ఉన్నవాళ్లు బయటి నెట్‌వర్క్ కేబుల్ (ఫైబర్ కాదు, రాగి పిన్నులున్నది) చివర ఒకసారి ఊడదీసి చూడండి. అక్క వాళ్ల బాల్కనీలో ఉన్న కేబుల్ క్లిప్పు తీస్తే, ఎనిమిది రాగి పిన్నుల్లో మూడింటి మీద ఆవగింజలంత పచ్చటి చిలుము. ఏడాదిన్నర ఉప్పుగాలి చేసిన పని. చిలుము కనిపిస్తే గోకకండి, ఆ ముక్క కత్తిరించి కొత్త క్లిప్పు వేయించండి.

వచ్చే పాఠంలోగా చేయాల్సిన అభ్యాసం: మీ ఇంటి పటంలో ప్రతి పరికరం చోటా రెండు అంకెలు రాయండి, ఒకటి పొద్దున్న పదింటికి, ఒకటి సాయంత్రం ఏడింటికి. చానల్ గ్రాఫ్ కూడా రెండు వేళల్లోనూ స్క్రీన్‌షాట్ తీసుకోండి. 70 దాటిన చోటు ఏదైనా ఉంటే, దానికీ రూటర్‌కీ మధ్య గీత గీసి, ఆ గీత మీద ఏ సామాను ఉందో రాయండి. నాలుగో పాఠంలో ఆ పటం ముందు పెట్టుకునే, ఇంటి ఫోన్లకీ స్మార్ట్ పరికరాలకీ వేరువేరు నెట్‌వర్క్‌లు పెడదాం.