పాత బోర్డో సెకండ్ వైన్ బాగాలేదా? పారబోసే ముందు ఇవి చూడండి

ఇరవై ఏళ్లు దాచిన సీసా తెరిచి, మొదటి గుక్కకే "పాడైపోయింది" అనుకోవాల్సి వస్తే ప్రాణం ఉసూరుమంటుంది. నిజంగా పాడైన సీసాలూ ఉంటాయి. కానీ తొందరపడి పారబోసినవే నాకు ఎక్కువ బాధ కలిగిస్తాయి.

ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతంలో షాతో (సొంత ద్రాక్షతోటతో వైన్ చేసే ఎస్టేట్) తన అసలు వైన్‌కు ఎంచుకోని పీపాలతో, ఎక్కువగా లేత తీగల పండుతో, వేరే పేరు పెట్టి చేసేది సెకండ్ వైన్. అక్కడి పోయాక్ అనే ఊళ్లో షాతో లాతూర్ వారి లే ఫోర్ ద లాతూర్ బాగా పేరున్నది. దాని తొలి వింటేజ్ (ద్రాక్ష కోసిన ఏడాది) 1966. సాధారణంగా ఇవి అసలు వైన్ కంటే ముందే తాగడానికి సిద్ధమవుతాయి, ముందే వాడిపోతాయి కూడా.

తెరవగానే బూజు వాసన

నిర్ణయం అప్పుడే వద్దు. ఏళ్ల తరబడి గాలి ఆడని సీసాలో కొంత ముక్కిపోయిన వాసన పేరుకుంటుంది. గ్లాసులో కొద్దిగా పోసి, పది ఇరవై నిమిషాలు ఆగండి. ఆ వాసన తగ్గి దేవదారు చెక్క, పొగాకు, తోలు, ఎండిన నల్ల పండ్ల గుబాళింపు పైకి వస్తే సీసా బాగున్నట్టే. ఈ మార్పు కోసమే నేను పాత మెడాక్ (పోయాక్ ఉన్న ప్రాంతం) వైన్లు తాగుతాను.

తగ్గకుండా తడిసిన అట్టపెట్టె వాసన ఇంకా పెరుగుతూ, పండు రుచి మాయమైతే అది బిరడా దోషం. టీసీఏ అనే పదార్థం వల్ల వస్తుంది. ఆరోగ్యానికి హాని లేదు, కానీ ఇంట్లో చేయగల మందూ లేదు. ఈ మధ్యనే కొన్నదైతే షాపువాళ్లకు చెప్పండి.

బిరడా తెరిచేటప్పుడు ముక్కలైంది

ఇది బిరడా దోషం కాదు, వయసు మాత్రమే. పాత సీసాలకు మరచుట్టు ఓపెనర్ కన్నా రెండు పలుచని రేకులున్న ఓపెనర్ మంచిది. ముక్కలు లోపల పడితే సన్నని జల్లెడతో వడకట్టండి.

నోట్లో ఇసుకలాగా, చేదుగా

మడ్డి కదిలింది. టానిన్లు (వగరునిచ్చే పదార్థాలు), రంగు పదార్థాలు ఏళ్లు గడిచేకొద్దీ ఒకదానితో ఒకటి కలిసి బరువెక్కి అడుగుకు చేరతాయి. అందుకే పాత వైన్‌లో వగరు మెత్తబడుతుంది. తెరవడానికి ఒకటి రెండు రోజుల ముందు సీసాను నిలబెట్టండి. మెడ వెనక లైటు పెట్టుకుని, మధ్యలో ఆపకుండా మెల్లగా డికాంటర్ (వైన్ వంచుకునే గాజు పాత్ర)లోకి వంచండి. మడ్డి గీత మెడ దాకా రాగానే ఆపేయండి. అడుగున కొంచెం వదులుకోవాల్సిందే. ఇలా వంచాక ఎక్కువసేపు ఉంచకండి, ముసలి వైన్ గాలికి త్వరగా నీరసించిపోతుంది.

ఆల్కహాల్ ముక్కుకు కొడుతోంది

వేడెక్కింది. "గది ఉష్ణోగ్రత" అన్న మాట పుట్టింది చల్లని పాత ఇళ్లలో, ఏప్రిల్ నెల హైదరాబాద్‌లో కాదు. పావుగంట ఫ్రిజ్‌లో పెట్టి 16-18 డిగ్రీలకు తెండి. మరీ చల్లగా ఉంటే దీనికి వ్యతిరేకం: వాసన మూసుకుపోయి, వగరు, పులుపు ముందుకొస్తాయి. అప్పుడు గ్లాసును అరచేతుల్లో పట్టుకుంటే చాలు.

పచ్చి కాప్సికం వాసన

లోపం కాదు. పూర్తిగా పండని కాబెర్నే సావిన్యోఁ అనే ఎర్ర వైన్ ద్రాక్షలో సహజంగా ఉండేదే. పాత పద్ధతి బోర్డోలో, చల్లని సంవత్సరాల్లో ఎక్కువ. నాకిది ఇష్టం. వేయించిన గొర్రెపిల్ల మాంసంతో చక్కగా కలుస్తుంది, పోయాక్‌లో దానికీ పేరుంది. కారం దట్టించిన మటన్ వేపుడు పక్కన మాత్రం పెట్టకండి, వగరు రెట్టింపైనట్టు అనిపిస్తుంది.

గుర్రపుశాల వాసన

బ్రెటనోమైసిస్ అనే ఈస్ట్ పని. కొద్దిగా ఉంటే తోలు వాసనలా బాగుంటుంది. పండు రుచిని మింగేసేంత ఉంటే మార్గం లేదు.

రంగు గోధుమగా మారింది

అంచు మాత్రమే ఇటుక రంగైతే వయసుకు తగ్గదే. మొత్తం గోధుమరంగు తిరిగి, కోసి వదిలేసిన యాపిల్ వాసన వస్తే గాలి తగిలి పాడైంది. కొనేటప్పుడే వైన్ మట్టం సీసా భుజం కంటే కిందికి ఉందేమో చూడండి, ఉంటే తీసుకోకండి.