ఇండియా ఎస్‌ఎంపీఎస్‌ను అమెరికా తెచ్చుకునేముందు స్టిక్కర్ చదవండి

ఎమ్మెస్‌కు వచ్చేవాళ్ళు చాలామంది ల్యాప్‌టాప్‌తోనే దిగుతారు. మెషీన్ లెర్నింగ్ కోర్సు తీసుకున్నవాళ్ళకో, గేముల పిచ్చి ఉన్నవాళ్ళకో రెండు మూడు నెలలు తిరిగేసరికి డెస్క్‌టాప్ మీద మనసు పోతుంది. కొందరైతే సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో కట్టించుకున్న మెషీన్‌ను విప్పి, బట్టల మధ్య సర్దుకుని మరీ తెస్తారు. ఎవరైనా సరే, చేసే పొరపాటు ఒకటే. గ్రాఫిక్స్ కార్డు కోసం నెలరోజులు వీడియోలు చూస్తారు, గోడ కరెంటును మెషీన్ భాగాలకు పనికొచ్చేలా మార్చి ఇచ్చే పవర్ సప్లై మాత్రం చివర్లో మిగిలిన చిల్లరతో కొంటారు. అన్నట్టు, మనం ఎస్‌ఎంపీఎస్ అనేదాన్ని ఇక్కడ పవర్ సప్లై అనో, పీఎస్‌యూ అనో అంటారు. షాపులో ఎస్‌ఎంపీఎస్ అని అడిగితే కుర్రాడు తెల్లమొహం వేస్తాడు.

నేనూ ఒకటి మోసుకొచ్చాను, దాని బరువు కోసం ఆవకాయ సీసా ఇంట్లో వదిలేసి. డాలస్‌లో అపార్ట్‌మెంట్ దొరికిన మూడో రోజు అన్నీ బిగించి బటన్ నొక్కితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. ప్రయాణంలో మదర్‌బోర్డు పోయిందేమోనని టెన్షన్. రాత్రంతా ర్యామ్ తీయడం, పెట్టడం. తెల్లారాక రూమ్మేట్ ఫోన్ టార్చి వేసి స్టిక్కర్ చూపించాడు. ఇన్‌పుట్ అన్నచోట 200-240 వోల్టులని ఉంది. మన గోడలో వచ్చేది 230, ఇక్కడి గోడలో వచ్చేది 120. మెషీన్‌లో ఏ లోపమూ లేదు, దానికి చాలినంత వోల్టేజీ అందలేదు, అంతే.

కాబట్టి మొదట చూడాల్సింది ఆ ఇన్‌పుట్ వరసే. 100-240 వోల్టులు, 50-60 హెర్ట్జ్ అని ఉంటే ఏ దేశంలోనైనా నడుస్తుంది. త్రాడు మాత్రం ఇక్కడిది కొనుక్కుంటే చాలు, మూడు నాలుగు అడాప్టర్లు ఒకదానికొకటి తగిలించే పని ఉండదు. 200-240 అని మాత్రమే ఉంటే అక్కడే తమ్ముడికి ఇచ్చేసి రండి. వోల్టేజీ పెంచే ట్రాన్స్‌ఫార్మర్ కొనే ఆలోచన కూడా వద్దు. దానికి పెట్టే డబ్బుకు ఇంకొంచెం కలిపితే కొత్త పవర్ సప్లైయే వస్తుంది.

చవకరకాలకు, పాతవాటికి వెనకాల 115, 230 అని రాసిన చిన్న ఎర్ర స్విచ్ ఉంటుంది. ఇండియా నుంచి తెచ్చిన రోజున 230లో ఉంటే ఇక్కడ ఆన్ కాదు, అంతకుమించి నష్టం లేదు. అసలు ప్రమాదం తిరుగు ప్రయాణంలో. 115లో పెట్టి వాడుకున్నదాన్ని ఇంటికి తీసుకెళ్ళి అలాగే ప్లగ్ పెట్టారంటే ఢామ్మని పేలుతుంది, ఒక్కోసారి పక్కనున్నవాటిని కూడా తీసుకుపోతుంది.

ఇక ఇక్కడే కొనేవాళ్ళకు. డబ్బా మీది పెద్ద అంకెను పట్టించుకోకండి. స్టిక్కర్ మీద గడులుంటాయి, అందులో 12 వోల్టుల గడి చూడండి. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ తినేది దాన్నుంచే. 450 వాట్లని రాసి, ఆ గడిలో 18 ఆంప్స్ అని ఉందనుకోండి. 12ను 18తో గుణిస్తే 216. మిగతాదంతా 5, 3.3 వోల్టుల గడుల్లో చూపించిన అంకెల గారడీ, ఈ కాలం మెషీన్‌కు అవి పెద్దగా అక్కర్లేదు. అదే 450 వాట్లకు 37 ఆంప్స్ రాసి ఉంటే 444 వస్తుంది. అది నిజాయితీగల స్టిక్కర్.

మనకెంత కావాలి? ఉదాహరణకు ఆర్‌టీఎక్స్ 4060 కార్డుకు 115 వాట్లు, రైజెన్ 5 5600 ప్రాసెసర్ గట్టిగా పనిచేస్తే 76 వాట్లు. ఫ్యాన్లు, డిస్కులు, బోర్డు కలిపినా 250 దగ్గర ఆగుతుంది. కార్డు ఒక్కో క్షణం తన లెక్క దాటి లాగుతుంది కాబట్టి ఎన్విడియా 550 వాట్ల సప్లై పెట్టుకోమంటుంది. ఈ మెషీన్‌కు 850 అమ్మజూపితే నవ్వి ఊరుకోండి.

80 ప్లస్ బ్రాంజ్ ముద్ర గురించి ఒక మాట. సగం లోడు మీద గోడ నుంచి లాగే కరెంటులో కనీసం 85 శాతాన్ని వృథా కాకుండా మెషీన్‌కు అందిస్తుందని దాని అర్థం, అంతే. లోపల చార్జి దాచుకునే కెపాసిటర్లు మంచివని గానీ, షార్ట్ అయితే కాపాడుతుందని గానీ అది చెప్పదు. నేనైతే ముద్ర కన్నా వారంటీ చూస్తాను. 5 ఏళ్ళు రాసిచ్చిన కంపెనీకి తన సరుకు మీద నమ్మకం ఉన్నట్టే. అయితే ఆ వారంటీ ఏ దేశంలో చెల్లుతుందో అడగండి, బిల్లు ఫొటో తీసి దాచుకోండి. డాలస్‌లో ఉన్నవాళ్ళు మైక్రో సెంటర్ అనే కంప్యూటర్ షాపుకు వెళ్తే డబ్బా చేత్తో పట్టుకుని చదువుకోవచ్చు.

సెకండ్ హ్యాండ్‌లో మానిటర్ కొనండి, టేబుల్ కొనండి, పవర్ సప్లై మాత్రం వద్దనే నా మాట. అది ఎన్నేళ్ళు, ఎంత వేడిలో నడిచిందో బయటికి కనబడదు. ఆఫీసులు వదిలేసిన పాత డెల్ ఆప్టిప్లెక్స్ డెస్క్‌టాప్ చవగ్గా వస్తుంది, నిజమే. కానీ వాటిలో చాలావాటికి మామూలు 24 పిన్నుల కనెక్టర్ ఉండదు, షాపులో దొరికే సప్లై నేరుగా పట్టదు. ఇంకొకటి: ఊడదీసే కేబుళ్ళున్న సప్లై అయితే పాత కంపెనీ కేబుళ్ళను కొత్తదానికి తగిలించకండి. ప్లగ్గు చక్కగా కూర్చుంటుంది, లోపల వైర్ల వరస వేరు. మా పక్క ఫ్లాట్ అబ్బాయి ఎస్‌ఎస్‌డీ, అందులోని ప్రాజెక్టు, రెండూ అలాగే పోయాయి. ఎంత తెలిసినా సప్లై డబ్బా మాత్రం విప్పకండి, ప్లగ్ తీశాక కూడా కెపాసిటర్లలో షాక్ కొట్టేంత చార్జి మిగిలి ఉంటుంది.

చలికాలంలో మెషీన్ టక్కున ఆగిపోతే సప్లైని తిట్టేముందు గదిలో లైట్లు కూడా పోయాయేమో చూడండి. పడకగది సర్క్యూట్ సాధారణంగా 15 ఆంప్స్. 1500 వాట్ల రూమ్ హీటర్ ఒక్కటే 12.5 లాగుతుంది, డెస్క్‌టాప్ ఇంకో రెండున్నర. ఆపైన ఎవరైనా ఇస్త్రీపెట్టె పెడితే బ్రేకర్ పడుతుంది. బ్రేకర్ల డబ్బా గోడలోనో, బట్టల క్లోజెట్ లోపలో ఉంటుంది. పడిన మీట మధ్యలో ఆగి కనబడుతుంది. దాన్ని ముందు పూర్తిగా ఆఫ్ వైపుకు నొక్కి, అప్పుడు ఆన్ చేయాలి. హీటర్ ప్లగ్ తీశాకే సుమా.