తిరుపతి ఎండల్లో పెంపుడు ఎలుకలను ఎలా చూసుకోవాలి?

తెచ్చుకునే ముందే ఒక మాట తేల్చుకోండి: ఒక్కటి వద్దు, రెండు కావాలి. ఎలుకది గుంపు బతుకు. ఒంటరిగా పెడితే తిండి ఎంత పెట్టినా ముడుచుకుపోతుంది. రెండూ ఆడవి గానీ, రెండూ మగవి గానీ ఉండాలి. జంటను పెడితే 21 నుంచి 23 రోజుల్లో ఈనుతుంది, ఈనిన రోజే మళ్ళీ కడుపు నిలవొచ్చు. పిల్లలు ఐదు వారాలకే ఈడుకొస్తాయి కాబట్టి ఐదో వారం నిండకముందే మగవాటిని వేరు చేయాలి. కాలువ గట్టునో బస్తాల మధ్యనో దొరికిన ఎలుకను మాత్రం మచ్చిక చేయబోకండి. దాని మూత్రంలో మనుషులకు సోకే లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు క్రిములు ఉండొచ్చు. పెంపుడు ఎలుకలు ఎన్నో తరాలుగా మనుషుల చేతుల్లో పెరిగినవి, ఆయుష్షు రెండు మూడేళ్ళు.

గూడు

రెండింటికి రెండున్నర అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, రెండడుగుల ఎత్తున్న ఇనుప పంజరం సరిపోతుంది. కమ్మీల మధ్య సందు అర అంగుళం దాటకూడదు. తల దూరితే ఒళ్ళంతా దూరిపోతుంది. అడుగున జాలీ ఉంటే దాని మీద చాప ముక్కో మందపాటి గుడ్డో పరవండి, లేకపోతే అరికాళ్ళు పుండ్లు పడతాయి. దాక్కోవడానికి ఒక మట్టికుండను పక్కకు పడుకోబెట్టి, పడుకోవడానికి పైన గుడ్డ ఊయల ఒకటి కట్టండి. పీచులు లేచిన గుడ్డ వాడొద్దు. దారం వేలికి చుట్టుకుంటే వేలే పోతుంది.

పరుపుగా చింపిన తెల్లకాగితం మేలు. కోతమిల్లు పొట్టు, వరి ఊక, చెనక్కాయ పొట్టు చవకగా దొరుకుతాయి గానీ వాటి దుమ్ము ఊపిరితిత్తులకు పడదు. దేవదారు లాంటి ఘాటు వాసన కలప అసలే పనికిరాదు. ఎలుకల్లో చాలావాటికి ఊపిరితిత్తుల్లో మైకోప్లాస్మా అనే క్రిమి అణగి ఉంటుంది. మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా గాలిలో చేరిందంటే ఆ జబ్బు పైకి తేలుతుంది. అందుకే తడిసిన మూలలను రోజూ తీసేయాలి, వారానికోసారి పరుపంతా మార్చాలి. మార్చేటప్పుడు పాత కాగితం ఒక గుప్పెడు వెనక్కి వేయండి. తమ వాసన పూర్తిగా పోతే అవి కంగారుపడి ఇంకా ఎక్కువ మూత్రం పోస్తాయి. సాంబ్రాణి, అగరుబత్తి, దోమల చుట్ట, నాఫ్తలీన్ ఉండలు ఉన్న గదిలో పంజరం ఉండకూడదు. పూజగది పక్కనైతే ఇప్పుడే మార్చండి.

ఎండ

మన ఊళ్ళో ఎలుకకు అన్నిటికన్నా పెద్ద గండం ఇదే. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఎలుకకు హాయిగా ఉండేది 18 నుంచి 24 డిగ్రీల మధ్య. 30 దాటితే ఇబ్బంది మొదలవుతుంది. దానికి ఒంటికి చెమట పట్టదు, కుక్కలా రొప్పి చల్లబడనూ లేదు. తోక ద్వారానే వేడి వదులుకుంటుంది, చాలకపోతే ఒళ్ళంతా ఉమ్ము పూసుకుంటుంది.

పంజరాన్ని కింది అంతస్తులో, పడమటి గోడకు దూరంగా, నేల మీద పెట్టండి. డాబా కింది గది రాత్రి పన్నెండైనా చల్లారదు. కడప బండ ముక్క ఒకటి కడిగి తడిగానే లోపల పెట్టండి, పొట్ట ఆనించి పడుకుంటాయి. లీటరు సీసాలు రెండు గడ్డకట్టించుకుని, పలచని తువ్వాలు చుట్టి ఒకటి మార్చి ఒకటి పంజరం పక్కన ఉంచండి. కరెంటు పోయినప్పుడు ఆదుకునేవి ఇవే. కూలరు గాలి సూటిగా తగలకూడదు, కిటికీ తెరిచి ఉండాలి. నీళ్ళ సీసాలు రెండు కట్టండి. సీసా గొట్టం మొనలోని బంతి ఇరుక్కుపోతే నీరు నిండుగానే కనిపిస్తుంది, ఎలుక మాత్రం దాహంతో ఉంటుంది. రోజూ వేలితో నొక్కి చూడాలి.

ఎలుక సాగిలబడి కదలకపోయినా, తోక పట్టుకుంటే వేడిగా ఉన్నా, చొంగ కారుతున్నా అది వడదెబ్బ. మామూలు చల్లని నీళ్ళతో తోకను, పాదాలను తడపండి. మంచునీళ్ళు వద్దు. ఆ వెంటనే డాక్టరు దగ్గరికి.

తిండి

ఒక్కోదానికి రోజుకు 15 నుంచి 20 గ్రాములు. ఎలుకల కోసం చేసిన గుళికలు దొరికితే అదే ప్రధానం. దాంతోపాటు ఉడికిన అన్నం, దోసకాయ, క్యారెట్, వారానికి రెండుసార్లు ఉడికించిన గుడ్డు ముక్క ఇవ్వొచ్చు. రాగి సంగటి ముద్దగా పెట్టొద్దు. ఎలుకకు వాంతి చేసుకోవడం చేతకాదు, జిగురు ముద్ద గొంతులో పడితే ఊపిరాడదు. నీళ్ళు కలిపి అంబలిలా పలచన చేసి పెడితే ఇష్టంగా నాకుతాయి. చెనక్కాయలు రోజుకు ఒకటి చాలు, అదీ వేయించింది. చెమ్మగిల్లి బూజు వాసన వచ్చే కాయల్లో అఫ్లాటాక్సిన్ ఉంటుంది, ఎలుక కాలేయానికి అది విషం. పచ్చి చిక్కుళ్ళు, పచ్చి చిలగడదుంప, పచ్చబడ్డ ఆలుగడ్డ వద్దు. నిమ్మ, నారింజ తొక్కల్లోని లిమోనీన్ అనే పదార్థం మగ ఎలుకల మూత్రపిండాలను చెడగొడుతుంది. మామిడిలోనూ అది ఉంటుంది గనుక, చిత్తూరు తోటల్లో కాయ ఎంత తీయగా ఉన్నా మగవాటికి పెట్టకపోవడమే నయం.

పట్టుకోవడం

తోక పట్టి ఎత్తకూడదు, తోలు ఊడి వచ్చేస్తుంది. ఒక చేయి రొమ్ము కింద, రెండోది వెనక కాళ్ళ కింద పెట్టి ఎత్తండి. మొదటి వారం చేతిని పంజరంలో కదపకుండా ఉంచి, వేలికి కాస్త అంబలి పూసి నాకనివ్వండి. ఒళ్ళో కూర్చుని పళ్ళు మెత్తగా నూరుతూ, కళ్ళు బయటికి ఉబ్బినట్టు వణికిస్తే భయపడకండి, హాయిగా ఉన్నప్పుడు అలా చేస్తుంది. ఎర్రకళ్ళ తెల్ల ఎలుక నిలబడి తలను పక్కలకు ఊపడం కూడా జబ్బు కాదు. దానికి చూపు తక్కువ, దూరం అంచనా వేసుకుంటోంది.

జబ్బు

వారానికోసారి వంటింటి తక్కెడలో తూచి రాసుకోండి. బరువు తగ్గడం అన్నిటికన్నా ముందు కనిపించే గుర్తు. కళ్ళ చుట్టూ, ముక్కు దగ్గర ఎర్రగా ఎండితే నెత్తురనుకుంటారు. అది పార్ఫిరిన్ అనే స్రావం. నిద్రలేచినప్పుడు కాస్త కనిపిస్తే ఫరవాలేదు, రోజంతా ఉంటే ఒంట్లో బాగాలేదని అర్థం. ఎలుకను చెవి దగ్గర పెట్టుకుని వినండి: గురగుర, టిక్కుటిక్కుమనే శబ్దం వస్తే ఆ రోజే చూపించాలి. మనుషుల మాత్రలు విరిచి వేయడం ప్రమాదం. తిరుపతిలో వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది. ఎవరి దగ్గరికి వెళ్ళినా ఎలుకలకు వైద్యం చేస్తారా అని ముందే అడగండి.

ఆడవాటికి రొమ్ము గడ్డలు ఎక్కువ. చంక నుంచి తొడ దాకా నెలకోసారి వేళ్ళతో తడమండి. శనగగింజంత ఉన్నప్పుడు తీయించడం, నిమ్మకాయంత అయ్యాక తీయించడం కన్నా చాలా సులువు.